పట్టువిడుపుల పాలిమర్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే సెల్‌ఫోన్ రిపేరు దుకాణాలు వరసగా ఉంటాయి. ఏ బల్ల మీద చూసినా ఫోన్లోంచి పీకి పక్కన పెట్టిన ఉబ్బిన బ్యాటరీ ఒకటైనా కనిపిస్తుంది. వెండి రంగు సంచీ, దాని మీద చిన్న అక్షరాల్లో ‘లిథియం పాలిమర్’ అన్న అచ్చు. రిపేరు చేసే కుర్రాడు దాన్ని మొనదేలిన పనిముట్టు తగలకుండా ఎత్తుతాడు. పొడుచుకుంటే భగ్గుమంటుందని అతనికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. భగ్గుమనేది అందులోని ద్రవం. సేంద్రియ కార్బొనేట్లలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కరిగించి చేసిన, తేలిగ్గా అంటుకునే ద్రవం. అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే వాయువులే ఆ సంచీని ఉబ్బిస్తాయి.

పాలిమర్ అని రాసి ఉన్న సంచీలోకి ద్రవం ఎలా వచ్చిందంటే, అదొక రాజీ. 1990 దశకంలో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో జాన్-మారీ తరాస్కోన్, ఆంటోని గోజ్డ్జ్ బృందం ఫ్లోరిన్ ఉన్న ఒక ప్లాస్టిక్ పొర తయారుచేసి, దానికి ద్రవాన్ని పీల్పించింది. పొర ఆకారాన్నిచ్చింది. అయాన్లను మోసింది మాత్రం అందులో నానిన ద్రవమే. తర్వాత పరిశ్రమ మెత్తని సంచీలో పెట్టిన ప్రతి సెల్‌కూ ఆ పేరు తగిలించుకుంది. చుక్క ద్రవం లేకుండా ప్లాస్టిక్ ఒక్కటే లిథియం అయాన్లను అటూ ఇటూ దాటించే బ్యాటరీ ఆ బల్లల్లో దేనిమీదా లేదు. ఈ కథ దాని గురించి. యాభై ఏళ్ళ కథ. ఇందులో షెఫీల్డ్ ఉంది, గ్రెనోబుల్ ఉంది, పారిస్ రోడ్లున్నాయి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి అంబర్‌పేట మీదుగా వెళితే వచ్చే ఉస్మానియా కూడా ఉంది.

మొదట ఎవరికీ బ్యాటరీ ఆలోచనే లేదు. 1967లో చార్లెస్ పెడర్సన్ అనే అమెరికన్ రసాయనవేత్త ‘క్రౌన్ ఈథర్లు’ ప్రకటించాడు. అవి ఉంగరం ఆకారపు అణువులు. ఉంగరం లోపలి వైపుకు తిరిగిన ఆక్సిజన్ పరమాణువులు సోడియం, పొటాషియం అయాన్లను మధ్యలో పట్టి ఉంచుతాయి. ఆ ఉంగరాన్ని తెంపి సాగదీస్తే వచ్చేది పాలీఇథిలీన్ ఆక్సైడ్, పొట్టిగా పీఈఓ: రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, మళ్ళీ రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, అలా వేల సార్లు. ఇదేమీ అరుదైన పదార్థం కాదు. దీని పొట్టి గొలుసుల రూపాన్నే మలబద్ధకానికి పొడిగా మందుల షాపుల్లో అమ్ముతారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పీటర్ రైట్ అనే పాలిమర్ శాస్త్రవేత్త, ఫెంటన్, పార్కర్‌లతో కలిసి, ఉంగరం చేసే పనిని ఈ గొలుసు కూడా చేస్తుందా అని చూశాడు. చేసింది. సోడియం, పొటాషియం లవణాలు నీళ్ళలో కరిగినంత సహజంగా ఈ ఘనపదార్థంలో కరిగి కూర్చున్నాయి. ఆ సంగతి 1973లో అచ్చయింది. 1975లో రైట్ ఆ మిశ్రమాల విద్యుద్వాహకత కొలిచి ‘బ్రిటిష్ పాలిమర్ జర్నల్’లో వేశాడు. పాలిమర్ల పత్రికను బ్యాటరీల వాళ్ళు చదవరు, బ్యాటరీల పత్రికను పాలిమర్ల వాళ్ళు చదవరు. ఆ పేపరు కొన్నాళ్ళు అలాగే నిద్రపోయింది.

లేపినవాడు మిషెల్ అర్మాండ్, గ్రెనోబుల్ వాడు. అతనిది ఎలక్ట్రోడ్ల పని. లిథియం అయాన్లను తన పొరల మధ్యకు రానిచ్చి, అడిగితే బయటికి పంపే పదార్థాల మీద పరిశోధన చేస్తున్నాడు. అయాన్ లోపలికి వస్తే అలాంటి పదార్థం కాస్త ఉబ్బుతుంది, పోతే కుంచించుకుంటుంది. పక్కనున్న ఎలక్ట్రోలైట్, అంటే అయాన్లను మోసే పదార్థం, ద్రవమైతే ఆ కదలికకు సర్దుకుంటుంది. ఘనమైతేనే చిక్కు. అప్పటికే ఫోర్డ్ కంపెనీలో కుమ్మర్, యావో ‘బీటా అల్యూమినా’ అనే పింగాణీ జాతి పదార్థంలో సోడియం అయాన్లు చకచకా పరుగెడతాయని చూపించారు. కానీ పింగాణీ వంగదు. ఎలక్ట్రోడ్ ఊపిరి పీల్చి వదిలిన ప్రతిసారీ రెండింటి మధ్యా సందు పడుతుంది. గట్టిగానూ ఉండాలి, వంగాలి కూడా అనుకుంటున్న అర్మాండ్‌కు రైట్ పీఈఓ కంటపడింది. 1978లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన సదస్సులో, పీఈఓలో లిథియం లవణం కరిగించి దాన్నే బ్యాటరీ ఎలక్ట్రోలైట్‌గా వాడవచ్చని ప్రతిపాదించాడు. మరుసటి ఏడు షబాన్యో, డ్యూక్లోలతో కలిసి వివరంగా రాశాడు. పాలిమర్ ఎలక్ట్రోలైట్ అనే శాఖ పుట్టింది అక్కడే. రైట్ కనుక్కున్నది ఒక గుణం. దానికి పని చూపించింది అర్మాండ్. ఈ ఇద్దరిలో ఎవరు ముందన్న వాదన నాకు అంత పసలేనిదిగా కనిపిస్తుంది.

ప్లాస్టిక్ పొరలో అయాన్ ఎలా నడుస్తుందన్నది మొదట్లో తప్పుగానే ఊహించారు. పీఈఓ గొలుసు మెలి తిరిగి గొట్టం కడుతుంది, ఆ గొట్టంలోంచి లిథియం జారుకుంటూ పోతుంది అన్నది తొలి బొమ్మ. చూడ్డానికి చక్కని బొమ్మ. 1983లో బెర్తియే, అర్మాండ్, గ్రెనోబుల్ సహచరులు అయస్కాంత అనునాదం పద్ధతితో లోపలికి తొంగిచూస్తే వేరే సంగతి బయటపడింది. గొలుసులు బారులు తీరి స్ఫటికంగా కుదురుకున్న చోట అయాన్లు దాదాపు కదలడం లేదు. కదులుతున్నవన్నీ గొలుసులు గజిబిజిగా అల్లుకుని, నిరంతరం మెలికలు తిరుగుతున్న చోట. లిథియాన్ని అయిదారు ఆక్సిజన్లు చుట్టూ చేరి పట్టుకుంటాయి. గొలుసు మెలి తిరిగినప్పుడు ఒక ఆక్సిజన్ వదులుతుంది, పక్కది అందుకుంటుంది. పెళ్ళింట్లో చంటిబిడ్డ ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి మారినట్టు లిథియం చేతులు మారుతూ పోతుంది. బిడ్డ తనంత తాను నడవదు. చుట్టూ ఉన్నవాళ్ళు కదలాలి.

ఆ తర్వాత ఈ రంగంలో జరిగిన ప్రతి ప్రయత్నమూ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది. గొలుసు అయాన్‌ను పట్టుకోకపోతే లవణం కరగదు. గట్టిగా పట్టుకుంటే అయాన్ కదలదు. గొలుసు బాగా కదిలితే వాహకత పెరుగుతుంది, పొర మాత్రం జిగురుగా మారి నిలవదు. పొర నిలవాలని గట్టిపరిస్తే గొలుసు బిగుసుకుంటుంది.

అంకెల్లో చూస్తే గండి ఎంత పెద్దదో తెలుస్తుంది. ఫోన్ బ్యాటరీలోని ద్రవం వాహకత సెంటీమీటరుకు సుమారు వందో వంతు సీమెన్స్. పీఈఓ, లిథియం లవణం కలిపిన మామూలు పొరలో గది ఉష్ణోగ్రత దగ్గర అది పది లక్షో వంతు, ఒక్కోసారి కోటో వంతు. అంటే పది వేల నుంచి లక్ష రెట్లు తక్కువ. గది వేడిలో పీఈఓలో చాలా భాగం స్ఫటికంగా గడ్డకట్టి ఉండడమే దీనికి కారణం. సుమారు 65 డిగ్రీల దగ్గర ఆ స్ఫటికాలు కరిగిపోతాయి, గొలుసులు విడివడతాయి, వాహకత ఒక్కసారిగా పైకి లేచి వెయ్యో వంతు దరిదాపులకు చేరుతుంది. హైదరాబాద్ మే నెల ఎంత మండినా అక్కడిదాకా పోదు.

మన ఊరి అధ్యాయం ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. 1990 దశకంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో యు.వి. సుబ్బారావు బృందం ఈ పొరల మీద పనిచేసింది. లిథియం మీద కాదు. 1994లో పీఈఓకు సిల్వర్ నైట్రేట్ కలిపి చూశారు. 1995లో సోడియం, పొటాషియంల ఇట్రియం ఫ్లోరైడులు కలిపారు. అదే ఏడు పీఈఓను పక్కనపెట్టి, పీవీపీ అనే మరో పాలిమర్‌లో సిల్వర్ నైట్రేట్ కరిగించారు. 1999లో సోడియం నైట్రేట్ కలిపిన పీఈఓ పొరతో చేసిన సెల్ ‘జర్నల్ ఆఫ్ పవర్ సోర్సెస్’లో వచ్చింది. ఎస్. శ్రీపతిరావు, ఎం. జైపాల్ రెడ్డి, టి. శ్రీకాంత్ లాంటి పేర్లు ఆ పేపర్ల మీద కనిపిస్తాయి. లిథియం బదులు సోడియం ఎందుకని అడిగితే నా ఊహ ఇది: లిథియం లోహం, దాన్ని ముట్టుకోవడానికి ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్స్, నీటి జాడ లేని ఖరీదైన లవణాలు అన్నీ డబ్బుతో కూడిన పని. సోడియం నైట్రేట్ ఏ కాలేజీ ల్యాబ్ అలమరలో చూసినా ఉంటుంది. గొలుసు పట్టువిడుపుల ప్రశ్న లిథియానికైనా సోడియానికైనా ఒకటే కాబట్టి, చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. ఇప్పుడు ప్రపంచమంతా సోడియం బ్యాటరీలని కలవరిస్తోంది గనుక ‘మనవాళ్ళు ముందే కనిపెట్టారు’ అని రాసుకోవచ్చు గానీ, అది అతిశయోక్తి అవుతుంది.

వాళ్ళు చేసిన పని తీరు చూడముచ్చటైనది, ఎందుకంటే అందులో దాచుకోవడానికేమీ లేదు. పాలిమర్‌నూ లవణాన్నీ మిథనాల్‌లో కరిగించి, గంటల తరబడి కలియబెట్టి, జిగురుగా వచ్చిన ద్రావణాన్ని పళ్ళెంలో పోసి నెమ్మదిగా ఆరనిస్తారు. ద్రావణి ఎగిరిపోయాక పళ్ళెం అడుగున పలుచని పొర మిగులుతుంది. దాన్ని వ్యాక్యూమ్‌లో పెట్టి మిగిలిన తడిని కూడా లాగేస్తారు. వినడానికి అప్పడాలు ఎండబెట్టినంత తేలికైన పనే. అసలు పరీక్ష ఆ ఆఖరి తడి దగ్గర. నీరు కూడా గొలుసులను వదులు చేస్తుంది, అయాన్లను మోస్తుంది. జులైలో, ముసురు పట్టిన రోజున, సరిగా ఆరని పొర అద్భుతమైన వాహకత చూపిస్తుంది. ఆ అద్భుతం పాలిమర్‌ది కాదు, హైదరాబాద్ వానది. పాలిమర్ ఎలక్ట్రోలైట్ల మీద ఏ దేశంలో వచ్చిన పేపరైనా సరే, గది ఉష్ణోగ్రతలో మరీ ఆశ్చర్యపరిచే అంకె కనిపిస్తే ముందు ఎలా ఆరబెట్టారో చూడాలి.

పొర చేతికొచ్చాక వాగ్నర్ పద్ధతి. పొరకు చిన్న వోల్టేజి పెట్టి వదిలేస్తే మొదట అయాన్లూ ఎలక్ట్రాన్లూ రెండూ కదులుతాయి. కాసేపటికి అయాన్లు ఎలక్ట్రోడ్ దగ్గర అడ్డుపడి ఆగిపోతాయి, మిగిలేది ఎలక్ట్రాన్ల విద్యుత్తే. ముందు ఎంత, తర్వాత ఎంత అన్న నిష్పత్తితో, ఈ పొరలో విద్యుత్తును దాదాపు అంతా అయాన్లే మోస్తున్నాయని తేల్చారు. బ్యాటరీకి అది తప్పనిసరి. ఎలక్ట్రాన్లు పొరలోంచి దూరితే సెల్ లోపలే షార్ట్ అవుతుంది. ఆ తర్వాత ఒకవైపు సోడియం లోహం, మరోవైపు అయోడిన్, కార్బన్, కొంచెం ఎలక్ట్రోలైట్ కలిపి నొక్కిన బిళ్ళ, మధ్యలో పొర: సెల్ తయారు. దాన్ని లక్ష ఓమ్‌ల నిరోధానికి తగిలించి ఎన్నాళ్ళు వోల్టేజి నిలుస్తుందో గమనించడం ఈ తరహా పేపర్లలో మామూలు. రెండు మూడు వోల్టుల సెల్‌కు లక్ష ఓమ్‌లు తగిలిస్తే పారేది ఇరవై ముప్ఫై మైక్రోఆంపియర్లు. ఫోన్‌కు కావలసింది దానికి వేల రెట్లు. ఈ లెక్క వాళ్ళకు తెలియనిది కాదు. వాళ్ళు ఫోన్ బ్యాటరీ చేయడం లేదు, పొర బతికే తీరును చూస్తున్నారు.

తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.వి.ఆర్. నరసింహారావు, ఎ.కె. శర్మ బృందం కూడా ఇదే దారిలో చాలా ఏళ్ళు పనిచేసింది. వాళ్ళు రెండు పాలిమర్లను కలిపితే ఏమవుతుందో చూశారు. పీవీపీ, పీవీఏ కలిపి, పొటాషియం అయోడేట్ కరిగించిన పొర మీద 2003లో వచ్చిన పేపరు అలాంటిది. ఒక పాలిమర్ స్ఫటికంగా గడ్డకట్టబోతుంటే రెండోది మధ్యలో దూరి చెడగొడుతుంది. ఈ రంగంలో చెడగొట్టడమే మంచి పని. ఇక సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో బి.వి.ఆర్. చౌదరి 1988లో ఘనస్థితి అయానిక పదార్థాల మీద ఆసియా సదస్సును మొదలుపెట్టి, ఆ ప్రసంగాలను ఐఐటీ మద్రాసుకు చెందిన ఎస్. రాధాకృష్ణతో కలిసి పుస్తకంగా తెచ్చాడు. తర్వాతి కాలంలో ఆయన, జి.వి. సుబ్బారావు, ఎం.వి. రెడ్డి కలిసి లిథియం బ్యాటరీ ఆనోడ్ల మీద 2013లో ‘కెమికల్ రివ్యూస్’లో రాసిన సమీక్షను ఆ రంగంలో అడుగుపెట్టే ప్రతివాళ్ళూ తిరగేస్తారు.

ఉస్మానియా, తిరుపతి పేపర్లు చదువుతున్నప్పుడు ఒక వెలితి నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది వాళ్ళ ఒక్కరిదే కాదు, ఆ కాలపు చాలా పేపర్లది. వాగ్నర్ పద్ధతి అయాన్లనూ ఎలక్ట్రాన్లనూ విడదీస్తుందే గానీ, ఏ అయాన్ అని చెప్పదు. లవణంలో రెండు ఉంటాయి: ధన అయాన్, రుణ అయాన్. బ్యాటరీకి కావలసింది లిథియం కదలడం. పీఈఓలో జరిగేది దాదాపు తలకిందులు. గొలుసులోని ఆక్సిజన్లు ధన అయాన్‌నే గట్టిగా పట్టుకుంటాయి, రుణ అయాన్‌ను పట్టించుకునేవాళ్ళు లేరు గనుక అది స్వేచ్ఛగా తిరుగుతుంది. 1987లో స్కాట్లండ్‌లో ఎవాన్స్, విన్సెంట్, బ్రూస్ ఈ వాటాను విడిగా కొలిచే పద్ధతి చెప్పారు. దాంతో కొలిస్తే మామూలు పీఈఓ పొరల్లో లిథియం వాటా తరచూ అయిదింట ఒక వంతు దగ్గర తేలుతుంది. తక్కిన నాలుగు వంతులు పనికిరాని రాకపోకలు. పైగా రుణ అయాన్లు ఒకవైపు పోగుపడి, ఇంకోవైపు కరువై, వేగంగా చార్జ్ చేస్తే సెల్‌ను కూలదోస్తాయి.

కాబట్టి డిజైన్ అన్నమాట నిజంగా మొదలైంది ఇక్కడ. అర్మాండే రుణ అయాన్‌ను మార్చాడు. పెర్‌క్లోరేట్ లాంటి చిన్న అయాన్ల స్థానంలో టీఎఫ్‌ఎస్‌ఐ అనే పెద్ద, బరువైన అయాన్‌ను తెచ్చాడు. దాని మీది రుణావేశం విశాలంగా పరుచుకుని ఉంటుంది గనుక లిథియాన్ని దగ్గరికి లాక్కోదు. అది అడ్డదిడ్డంగా ఉండడం వల్ల పీఈఓ గొలుసులు కూడా సులువుగా బారు తీరలేవు. 1984లో అమెరికాలో ష్రైవర్, ఆల్‌కాక్ గొలుసు వెన్నెముకనే మార్చేశారు. కార్బన్ బదులు భాస్వరం, నైట్రోజన్‌తో వెన్నెముక కట్టి, పీఈఓ ముక్కలను పక్కకు వేలాడదీశారు. వాహకత బాగా పెరిగింది, పొర మాత్రం చేతికి అంటుకునేంత మెత్తన. 1998లో రోమ్‌లో క్రోచే, స్క్రొసాటి బృందం పొరలో నానో సైజు టైటానియం ఆక్సైడ్, అల్యూమినా పొడి కలిపింది. ఒకసారి వేడిచేసి చల్లార్చినా ఆ రేణువులు అడ్డుపడి గొలుసులను మళ్ళీ గడ్డకట్టనివ్వలేదు. ‘నేచర్’లో వచ్చిన ఆ పేపరు తర్వాత మన విశ్వవిద్యాలయాల్లో కూడా పొరలో ఏదో ఒక పొడి చల్లని థీసిస్ లేదంటే అతిశయోక్తి కాదు.

గట్టిదనం ప్రశ్న మరో వైపు నుంచి వచ్చింది. లిథియం లోహాన్నే ఆనోడ్‌గా వాడితే బ్యాటరీ తేలికవుతుంది. కానీ చార్జ్ చేసినప్పుడు లిథియం సమంగా పరుచుకోదు. సన్నని ముళ్ళు మొలిచి అవతలి ఎలక్ట్రోడ్‌ను తాకుతాయి. 1989లో కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ అమ్మిన లిథియం లోహపు బ్యాటరీలు జపాన్‌లో ఫోన్లలో అంటుకుని, కంపెనీ వాటిని వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది. 1991లో సోనీ లోహాన్ని వదిలి కార్బన్ ఆనోడ్‌తో బయటికొచ్చింది గనుకే ఈ రోజు మన జేబుల్లో ఫోన్లున్నాయి. ముళ్ళను అడ్డుకునేంత గట్టి పాలిమర్ ఉంటే లోహానికి తిరిగి వెళ్ళవచ్చని ఆశ. 2005లో మన్రో, న్యూమన్ లెక్కవేసి, పొర గట్టిదనం లిథియం లోహానికి సుమారు రెట్టింపు ఉండాలన్నారు. పీఈఓ ఆ దరిదాపుల్లో కూడా లేదు. బర్క్‌లీలో నితాశ్ బల్సారా రెండు పనులనూ రెండు పాలిమర్లకు పంచాడు. ఒకే గొలుసులో ఒక సగం పాలీస్టైరీన్, ఒక సగం పీఈఓ. అవి ఒకదాన్నొకటి సహించలేక విడిపోయి నానోమీటర్ల మందాన పొరలు పొరలుగా కుదురుకుంటాయి. ఒకటి నిలబెడుతుంది, ఒకటి మోస్తుంది. 2007లో ‘సియో’ అనే కంపెనీ ఆ ఆలోచన మీద పుట్టింది. 2015లో బాష్ దాన్ని కొన్నది. 2018లో బాష్ అసలు సెల్ తయారీ జోలికే పోనని ప్రకటించింది.

రోడ్డెక్కినది మాత్రం పాత పీఈఓ వంశమే. 1980ల నుంచి కెనడాలో హైడ్రో-కెబెక్ దాని మీద డబ్బు పెట్టింది. ఫ్రాన్స్‌లో బొలోరే సంస్థ లిథియం లోహం, పాలిమర్ పొరలతో బ్యాటరీ చేసి, 2011 డిసెంబరులో పారిస్‌లో ఆటోలిబ్ అనే అద్దె కార్ల వ్యవస్థలో పెట్టింది. గది ఉష్ణోగ్రత సమస్యకు వాళ్ళు కనుక్కున్న పరిష్కారం సూటిగా ఉంది: బ్యాటరీని ఎప్పుడూ 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచడం. కారు ఆగినప్పుడు ప్లగ్గులో ఉంటే ఆ వేడికి కరెంటు గోడలోంచి వస్తుంది. లేకపోతే బ్యాటరీ తన్ను తాను తింటూ వెచ్చగా ఉంటుంది. ఎప్పుడూ స్టాండులోనే నిలిచే అద్దె కారుకు ఇది కుదురుతుంది. డిపోకు తిరిగొచ్చే బస్సుకూ కుదురుతుంది. కొత్తపేట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు రోజులు కదలకుండా పడి ఉండే స్కూటరుకు కుదరదు. ఆటోలిబ్ 2018లో మూతపడింది, డబ్బు లెక్కలు కుదరక. ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో పారిస్‌లో ఇదే జాతి బ్యాటరీలున్న రెండు బస్సులు కొద్ది వారాల తేడాలో తగలబడ్డాయి. రవాణా సంస్థ అలాంటి 149 బస్సులను తాత్కాలికంగా పక్కన పెట్టింది. ద్రవం లేదు గనుక మంట లేదు అని ఎవరైనా అంటే ఆ బస్సులను గుర్తుచేయాలి. ద్రవం లేకపోయినా లోపల లిథియం లోహం ఉంది, కాలే పాలిమర్ ఉంది.

మన దగ్గర ఈ భయం ఊహాత్మకం కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న ఒక హోటల్ భవనంలో మంటలు రేగి ఎనిమిది మంది చనిపోయారు. ఇంట్లో బ్యాటరీ చార్జ్ చేయాలంటే ఇప్పటికీ జంకే కుటుంబాలున్నాయి. అయినా సాగర్ రింగ్ రోడ్డు నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఒకసారి నడిస్తే విద్యుత్ స్కూటర్ల దుకాణాలు తగులుతూనే ఉంటాయి.

ఎల్బీనగర్‌కు కాస్త దూరంలో బాలాపూర్. వినాయకుడి లడ్డూ వేలంతో పేరు మోసిన ఆ ఊళ్ళోనే ఏఆర్‌సీఐ అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. పొడి లోహాలు, కొత్త పదార్థాలు దాని ప్రధాన వృత్తి. అక్కడ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, మార్కెట్లో ఎల్‌ఎఫ్‌పీ అనే కాథోడ్ పొడిని కార్బన్ పూతతో తయారుచేసే పద్ధతి రూపొందించారు. హైదరాబాద్‌కే చెందిన ఆల్ట్‌మిన్ సంస్థ ఆ పద్ధతిని అందుకుంది. దీనికీ పాలిమర్ కథకూ సంబంధం ఉంది. ఎల్‌ఎఫ్‌పీని 1997లో టెక్సస్‌లో పాఢి, నంజుండస్వామి, గుడినఫ్ లోకానికి పరిచయం చేశారు. అది సుమారు 3.4 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. పీఈఓకు 4 వోల్టుల దగ్గరికి వస్తే ఆక్సీకరణ మొదలై గొలుసులు చెడిపోతాయి. అందుకే 4.2 వోల్టుల దాకా చార్జయ్యే ఫోన్ కాథోడ్‌తో దానికి పొసగదు, ఎల్‌ఎఫ్‌పీతో పొసగుతుంది. ఎల్‌ఎఫ్‌పీకి కార్బన్ పూత వేసే ఆలోచనను ముందుకు తెచ్చినవాళ్ళలో అర్మాండ్ కూడా ఉన్నాడు. బొలోరే బ్యాటరీల్లో తర్వాత చేరిన కాథోడ్ కూడా ఇదే. ద్రవం లేని సెల్‌కు కావలసిన రెండు ముక్కల్లో ఒకటి తయారుచేసే పద్ధతి బాలాపూర్‌లో ఉంది. రెండోదే, ఆ పొరే, ఇంకా కుదరలేదు.

ఈ మధ్య నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్న దారి స్వీడన్‌లోని ఉప్సాలాది. డానియెల్ బ్రాండెల్, యోనాస్ మిండెమార్క్ బృందం పీఈఓనే వదిలేసింది. పీఈఓ పట్టు మరీ బిగువు, కాబట్టి తక్కువ పట్టున్న గొలుసు వెతకాలి అన్నది వాళ్ళ వాదన. పాలీకార్బొనేట్లు, పాలీకాప్రోలాక్టోన్ లాంటి గొలుసుల్లో లిథియాన్ని పట్టుకునే ఆక్సిజన్ కార్బొనైల్ గుంపులో ఉంటుంది, పట్టు వదులు. లవణం ఇంకా కరుగుతుంది, లిథియం మాత్రం తొందరగా విడుదలవుతుంది. ఆ పొరల్లో లిథియం వాటా అయిదింట ఒకటి నుంచి అయిదింట మూడు వంతుల దాకా పెరిగింది. మొత్తం వాహకత గది ఉష్ణోగ్రతలో లక్షో వంతు సీమెన్స్ స్థాయిలో ఉంది. కావలసినది వెయ్యో వంతు.

ఇక్కడ నాదొక పిట్టలెక్క. పేపర్లలో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు. అది ఉప్సాలా గది, ఎల్బీనగర్ గది కాదు. పాలిమర్‌లో వాహకత వేడితో పాటు సమంగా పెరగదు. గొలుసు మెలికల మీద ఆధారపడింది గనుక కొద్ది డిగ్రీలకే బాగా ఎక్కువ పెరుగుతుంది. 25 దగ్గర చాలీచాలని పొర 40 దగ్గర కొన్ని రెట్లు మెరుగ్గా ఉండవచ్చు. పారిస్ చలికాలంలో బ్యాటరీని 40 డిగ్రీలకు వేడిచేయడం ఖర్చు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా హైదరాబాద్ ఎండలో తిరిగే ఆటో బ్యాటరీకి ఆ వేడిలో ఎక్కువ భాగం ఊరకే వస్తుంది. ద్రవపు బ్యాటరీకి శత్రువైన ఎండ ఈ పొరకు చుట్టం. మన వాతావరణానికి తగ్గట్టు 40 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకుని గొలుసును డిజైన్ చేస్తే పని కొంత తేలికవుతుంది. కొంత మాత్రమే. డిసెంబరు తెల్లవారుజామున హయత్‌నగర్ దగ్గర పాదరసం 14కు దిగినప్పుడు పాలు వేసే కుర్రాడి స్కూటరు కూడా కదలాలి, అప్పుడు గొలుసులు మళ్ళీ బిగుసుకుంటాయి.